చిమ్నీ పైన ఏముంది? హోటల్ డక్ట్ క్లీనింగ్ కథ

ఈరోజు టాపిక్ వినగానే కొంతమంది స్కిప్ కొట్టేస్తారని నాకు తెలుసు. హోటల్ కిచెన్‌లో పొగ పోయే గొట్టం, దాన్ని శుభ్రం చేసే పని. ఇందులో చెప్పేదానికి ఏముందబ్బా అనిపిస్తుంది. ఒక పది నిమిషాలు ఉండండి, ఎందుకు చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

మన తిరుపతి లెక్క వేరే ఊళ్ళ లెక్క కాదు. రైల్వే స్టేషన్ ఎదురుగా, బస్టాండ్ చుట్టుపక్కల, అలిపిరి పోయే దారిలో ఏ టైమ్‌కి పోయినా ఏదో ఒక పొయ్యి మండుతానే ఉంటుంది. దర్శనం అయ్యి అర్ధరాత్రి దాటినాక కొండ దిగి వచ్చిన వాళ్ళకి కూడా వేడి ఇడ్లీ దొరికే ఊరు ఇది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు వచ్చాయంటే కిచెన్‌కి నిద్రే లేదు. ఇంకోపక్క చిత్తూరు, పలమనేరు మీదుగా చెన్నై, బెంగళూరు పోయే రోడ్ల పక్కన బిరియానీలు, పరోటాలు, నాటుకోడి వేపుళ్ళు. అన్ని చోట్లా నూనె మరుగుతూనే ఉంటుంది. ఆ నూనెలో కొంత మన ప్లేట్లోకి వస్తుంది. కొంత గాల్లోకి పోతుంది. గాల్లోకి పోయింది యాడికి పోతుంది అన్నదే ఈ ఎపిసోడ్.

ఇంకొక్క మాట. మన దగ్గర చాలా బిల్డింగుల్లో కింద హోటలు, పైన లాడ్జి. కింద కిచెన్ నుంచి ఒక రేకు డక్ట్ బయలుదేరి, వెనక గోడ వెంబడి, రూముల కిటికీల పక్కనుంచి మేడ పైకి పోతుంది. కాలినడకన కొండెక్కి దిగి, కాళ్ళు పీకి, ఒళ్ళు తెలీకుండా పడుకున్న కుటుంబానికి తమ గోడ అవతల ఏం పోతోందో తెలీదు. అందుకే ఇది ఓనర్‌కి మాత్రమే సంబంధించిన విషయం కాదంటున్నాను.

జిడ్డు పైకి ఎట్లా పోతుంది

వీడియోలో బొమ్మ వేసి చూపించాం. చదివే వాళ్ళ కోసం మాటల్లో చెప్తాను. పొయ్యి పైన గొడుగులా ఉండే స్టీల్ డబ్బాని హుడ్ అంటారు. మన మాస్టర్లు దాన్నే చిమ్నీ అంటారు. దాని లోపల వాలుగా పెట్టిన పలకలు ఫిల్టర్లు. ఫిల్టర్ వెనక నుంచి పైకి పోయే రేకు సొరంగం డక్ట్. దాని చివర, ఎక్కువగా మేడ మీద, గాలిని లాగే పెద్ద ఫ్యాన్ ఉంటుంది, దాన్ని బ్లోయర్ అంటారు. ఈ నాలుగూ కలిస్తేనే ఎగ్జాస్ట్.

మీ ఇంట్లో పొయ్యి వెనక గోడ మీద వేలు పెట్టి చూడండి. ఫ్రిజ్ పైన తుడిచి చూడండి. జిగటగా, దుమ్ము కలిసి, గోధుమ రంగులో ఒక పొర ఉంటుంది కదా. అది ఆవిరైన నూనె, సన్న సన్న తుంపర్లుగా ఎగిరిన నూనె చల్లటి చోట తగిలి మళ్ళీ గడ్డకట్టింది. ఇంట్లో రోజుకి రెండు గంటలు పొయ్యి వెలిగితేనే ఇంత. మరి రోజంతా పూరీలు, బజ్జీలు, దోసెలు, చికెన్ ఫ్రై వేసే చోట?

ఫిల్టర్ చేసే పని చాలా తెలివైనది, కానీ సింపుల్. వంకర తిరిగిన స్టీల్ పట్టీల మధ్య నుంచి గాలి సర్రున మలుపు తిరుగుతుంది. గాలి తిరుగుతుంది గానీ బరువున్న నూనె చుక్క తిరగలేదు, నేరుగా పోయి పట్టీకి కొట్టుకుంటుంది. అక్కడి నుంచి జారి కింద ఉన్న చిన్న తొట్టిలో పడుతుంది. ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగితే మనం పక్క సీటు మీదకి పడతాం చూడండి, అదే సూత్రం. దీన్ని బాఫిల్ ఫిల్టర్ అంటారు. పట్టీలు నిలువుగా ఉండాలి, అప్పుడే నూనె కిందికి జారుతుంది. కడిగిన తర్వాత తొందరలో అడ్డంగా బిగించేసే కిచెన్లు ఉంటాయి. అట్లా పెడితే నూనె పట్టీల్లోనే నిలబడి, పొయ్యికి నేరుగా పైన నూనె తొట్టె వేలాడదీసినట్టే.

ఎంత మంచి ఫిల్టర్ అయినా అంతా పట్టలేదు. చాలా సన్నటి తుంపర, ఆవిరి దాటిపోతాయి. డక్ట్ రేకు చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ తగిలి పేరుకుంటాయి. అడ్డంగా పోయే డక్ట్ అడుగున, మలుపుల దగ్గర, ఫ్యాన్ రెక్కల మీద ఇది బాగా చేరుతుంది. మొదట మెత్తగా, నెయ్యిలాగా ఉంటుంది. రోజూ వేడి తగిలి తగిలి, నెలలు గడిచేకొద్దీ వార్నిష్ లాగా గట్టిపడుతుంది, కొన్ని చోట్ల తారులాగా అయిపోతుంది. దీనికి ఇంగ్లీషులో గ్రీజ్ అంటారు గానీ మనకి జిడ్డు అనే చక్కటి మాట ఉంది, అదే వాడతాను.

ఇప్పుడు మంట సంగతి. బాండ్లిలో నూనె మరీ కాగిపోయి ఒక్కసారి భగ్గుమంది అనుకోండి. వంటింట్లో ఇది కొత్తేం కాదు, మాస్టర్ మూత వేస్తాడు, అయిపోతుంది. కానీ ఆ రెండు సెకన్లలో మంట నాలుక ఫిల్టర్ దాటిందంటే, వెనక జిడ్డు రెడీగా ఉంది. పైన ఫ్యాన్ గాలిని లాగుతోంది. డక్ట్ ఏమో నిలువు గొట్టం. ఇటుక బట్టీ పొగగొట్టం ఎట్లా లాగుతుందో అట్లాగే మంటని పైకి లాక్కుపోతుంది. కింద కిచెన్‌లో ఉన్నవాళ్ళకి పొయ్యి ఆరిపోయినట్టే కనిపిస్తుంది. పైన రెండో అంతస్తులో రేకు ఎర్రగా కాలుతుంటుంది. ఆ రేకుని ఆనుకుని చెక్క, ప్లైవుడ్, వైర్ల కట్ట, ఫ్లెక్సీ ఏమున్నా అంటుకుంటాయి. అందుకే అమెరికా వాళ్ళ ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే ప్రమాణంలో డక్ట్‌కీ, కాలే వస్తువులకీ మధ్య 18 అంగుళాలు ఖాళీ ఉండాలని రాశారు. మన వీధుల్లో రెండు బిల్డింగుల మధ్యనే 18 అంగుళాలు ఉండదు, అది వేరే బాధ.

కొండ మీద బూందీ పోటు

దీనికి దూరం పోయి ఉదాహరణ వెతకాల్సిన పనిలేదు. శ్రీవారి లడ్డూకి బూందీ వేయించే చోటుని బూందీ పోటు అంటారని మీకు తెలుసు. 2019 డిసెంబర్‌లో ఆ పోటులో మంటలు లేచాయి. గోడలకి, పైన పట్టి ఉన్న నెయ్యి అంటుకుంది. ఫైర్ సిబ్బంది వచ్చి ఆర్పేశారు, ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. ఆలోచించండి. బూందీ అంటే ఏంది? శెనగపిండి, మరిగే నెయ్యి, పెద్ద పెద్ద కడాయిలు, కింద గ్యాస్ మంట, పగలూ రాత్రీ ఆగని పని. ఎంత తుడిచినా నెయ్యి ఆవిరి గోడకి పడుతూనే ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ తర్వాత ఏం చేశారన్నది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. 2021 అక్టోబర్‌లో బ్రహ్మోత్సవాల టైమ్‌లో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్మోహన్ రెడ్డి కొత్త బూందీ పోటుని ప్రారంభించారు. ఇండియా సిమెంట్స్ విరాళంతో, సుమారు 12 కోట్ల రూపాయలతో కట్టింది. అందులో గ్యాస్ పొయ్యిల బదులు థర్మిక్ ఫ్లూయిడ్ పొయ్యిలు పెట్టారు. అంటే ఏంటంటే, వేరే చోట ఒక రకం నూనెని బాగా వేడి చేసి, పైపుల్లో కడాయి చుట్టూ తిప్పుతారు. కడాయి వేడెక్కుతుంది, కానీ దాని కింద మంట ఉండదు.

ఇక్కడ కాస్త ఆగండి. నిప్పు అంటుకోవాలంటే మూడు కావాలి: కాలే వస్తువు, వేడి, గాలి. స్కూల్లో చదివిందే. పోటులో నెయ్యిని తీసేయలేరు, నెయ్యి లేకపోతే లడ్డూనే లేదు. గాలినీ తీసేయలేరు. అందుకని మంటనే అక్కడి నుంచి తీసేశారు.

మన వీధి హోటల్‌కి ఆ దారి లేదు. దోసె పెనం కింద మంట ఉండాల్సిందే, బాయిలర్లు, పైపులు పెట్టే స్థోమత వాళ్ళకి ఉండదు. గాలి లాగకపోతే మాస్టర్ ఊపిరాడక చస్తాడు. ఇక మిగిలింది ఒక్కటే, జిడ్డు. దాన్ని తీసేయడం తప్ప హోటల్ చేతిలో వేరే ఆయుధం లేదు. డక్ట్ క్లీనింగ్ అంటే అందం కోసం చేసే పని కాదు అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, వంట రకాన్ని బట్టి కూడా జిడ్డు మారుతుంది. తిరుమల అన్నప్రసాదం వంటకి ఆవిరి తయారు చేసే సోలార్ డిష్‌లు 2002లోనే పెట్టారు, మొత్తం 106. ఆవిరితో అన్నం, సాంబారు ఉడికే చోట గాల్లోకి పోయేది ఎక్కువగా నీళ్ళే. ఇడ్లీ పాత్ర మీద డక్ట్, పూరీ బాండ్లి మీద డక్ట్ ఒకే రేటులో మురికి అవ్వవు. క్లీనింగ్ వాళ్ళు వచ్చినప్పుడు "మీ మెనూ ఏంటి" అని అడిగారంటే వాళ్ళకి పని తెలిసినట్టే.

ఎన్ని రోజులకి ఒకసారి?

"ఏడాదికి ఒకసారి చేయిస్తాం సార్" అనేది ఎక్కువగా వినిపించే జవాబు. ఎన్‌ఎఫ్‌పీఏ 96 లెక్క ప్రకారం అది ఎవరికి సరిపోతుందో తెలుసా? ఎప్పుడో ఒకసారి వండే చోట్లకి, అంటే చర్చి వంటగది, సీజన్‌లో మాత్రమే నడిచే క్యాంపులు లాంటి వాటికి. మామూలుగా నడిచే రెస్టారెంట్‌కి ఆరు నెలలకి ఒకసారి చూడాలి. రోజంతా నడిచేవి, నిప్పుల మీద కాల్చేవి, చైనీస్ స్టైల్లో పెద్ద మంట మీద వండేవి అయితే మూడు నెలలకి. కట్టెలు, బొగ్గు వాడితే ప్రతి నెలా. తందూరీ బట్టీ ఉన్న ఫ్యామిలీ రెస్టారెంట్లు, కట్టెల పొయ్యి మీద బిరియానీ అని బోర్డు పెట్టిన హైవే హోటళ్ళు ఈ చివరి లెక్కలోకి వస్తాయి. కట్టె పొగలో మసి, తారు రెండూ ఉంటాయి, పైగా నిప్పురవ్వలు నేరుగా ఎగురుతాయి.

తేదీ కంటే మందం ముఖ్యం. ఆ ప్రమాణం ప్రకారం డక్ట్‌లో జిడ్డు 2 మిల్లీమీటర్లకి వచ్చిందంటే ఇక ఆగకూడదు, క్లీన్ చేయాల్సిందే. ఏటీఎం కార్డు మందం ఒక మిల్లీమీటర్‌కి కాస్త తక్కువ. రెండున్నర కార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. బ్రిటన్ వాళ్ళ టీఆర్ 19 ఇంకా కఠినం, డక్ట్ మొత్తం మీద సగటున 200 మైక్రాన్లు దాటకూడదంటుంది. అంటే జిరాక్స్ పేపర్లు రెండు పెట్టినంత. కొలవడానికి దువ్వెన లాంటి చిన్న పరికరం ఉంటుంది, పళ్ళు తలా ఒక ఎత్తులో ఉంటాయి. జిడ్డు మీద గీస్తే ఏ పన్ను రేకుని తాకిందో చూసి మందం చెప్తారు.

మన దగ్గర చట్టం సంగతి అడుగుతారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 నిబంధనల షెడ్యూల్ 4లో ఎయిర్ ఫిల్టర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల ప్రస్తావన ఉంది. మురికి చోటు గాలి శుభ్రమైన చోటుకి రాకుండా ఏర్పాటు ఉండాలంటుంది. నిప్పు వైపు చూసుకుంటే ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం 1999 ఉంది. కానీ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు సిలిండర్లు, ఎర్ర డబ్బాలు చూడటం సులభం. మేడ మీద, వాటర్ ట్యాంక్ వెనక ఉన్న డక్ట్ మూత విప్పించి చూడాలంటే ఓపిక కావాలి. అందుకే ఓనర్ తనకి తానుగా చేయించుకోకపోతే ఈ పని జరగదు.

నిజంగా క్లీన్ చేయడం అంటే

పని రాత్రి మొదలవుతుంది. ఆఖరి ఆర్డర్ అయిపోయి, పొయ్యిలు చల్లారాక. మన ఊరికి ఇదే పెద్ద తలనొప్పి, 24 గంటలు నడిచే హోటల్‌లో పొయ్యి చల్లారేది ఎప్పుడు? తెలివైన ఓనర్లు సీజన్‌కి ముందే డేట్ పెట్టుకుంటారు. బ్రహ్మోత్సవాలు మొదలయ్యాక ఒక్క రాత్రి కిచెన్ మూయమంటే ఎవరూ ఒప్పుకోరు, అందులో వాళ్ళని తప్పుపట్టలేం.

ముందు గ్యాస్ మెయిన్ వాల్వ్ కట్టేస్తారు. మేడ మీద బ్లోయర్ కరెంటు తీసి, స్విచ్‌కి తాళం వేస్తారు. ఈ తాళం ఎందుకో తర్వాత చెప్తాను. పొయ్యిలు, ఫ్రీజర్లు, గ్రైండర్లు అన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు చుడతారు. హుడ్ చుట్టూ షీటుని గరాటులాగా కట్టి, కింద డ్రమ్ము పెడతారు, పై నుంచి కారే నల్లటి నీళ్ళు అందులో పడాలి.

ఫిల్టర్లు ఊడదీసి వేడి నీళ్ళలో కాస్టిక్ సోడా కలిపిన తొట్టిలో నానబెడతారు. కాస్టిక్ జిడ్డుని సబ్బుగా మార్చేస్తుంది. సబ్బు తయారీ కూడా ఇదే కెమిస్ట్రీ, నూనె ప్లస్ కాస్టిక్. కానీ ఒక మెలిక ఉంది. స్టీల్ ఫిల్టర్‌కి ఇది ఓకే. అల్యూమినియం ఫిల్టర్‌ని అందులో వేస్తే బుస్సుమని పొంగి, నల్లబడి, లోహమే తినేస్తుంది, పైగా హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, అది మండే గ్యాస్. జీఐ రేకు మీద ఉండే జింక్ పూతని కూడా కాస్టిక్ కొరికేస్తుంది. మన దగ్గర చాలా డక్ట్‌లు జీఐ రేకువే. ఘాటు కెమికల్ పోసి కడిగేస్తే ఆ రోజు మెరుస్తుంది, తర్వాత తుప్పు మొదలవుతుంది, అతుకుల్లో చిల్లులు పడతాయి, ఆ చిల్లుల నుంచి జిడ్డు ఫాల్స్ సీలింగ్ మీద కారుతుంది. రేకు ఏంటో చూడకుండా కెమికల్ పోసేవాడు ప్రమాదాన్ని తగ్గించట్లేదు, పక్కకి జరుపుతున్నాడంతే.

జిడ్డు సీలింగ్ మీదకి కారితే ఏమవుతుందో ఒక కేసు ఉంది. అమెరికాలో బోస్టన్ నగరంలోని వెస్ట్ రాక్స్‌బరీ అనే చోట, 2007 ఆగస్టు 29న ఒక రెస్టారెంట్‌లో మంటలు వచ్చాయి. ఎగ్జాస్ట్ నుంచి కారి సీలింగ్ పైన చేరిన జిడ్డు అంటుకుంది. కింద ఉన్నవాళ్ళకి తెలీకుండా చాలాసేపు పైనే కాలింది. ఫైర్ సిబ్బంది లోపలికి వెళ్ళాక ఒక్కసారిగా మంట కిందికి విరుచుకుపడింది. పాల్ కాహిల్, వారెన్ పేన్ అనే ఇద్దరు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. చిన్న ఒకే అంతస్తు బిల్డింగ్ అది. పైన లాడ్జి కూడా లేదు.

సరే, మళ్ళీ పనిలోకి వద్దాం. డక్ట్‌కి అక్కడక్కడా తలుపులు ఉండాలి, యాక్సెస్ డోర్ అంటారు. అడ్డంగా పోయే డక్ట్‌లో 12 అడుగులకి ఒకటి ఉండాలన్నది లెక్క. తలుపు లేకపోతే లోపలికి చెయ్యి ఎట్లా పోతుంది? ఇక్కడే సగం క్లీనింగులు అబద్ధాలైపోతాయి. తలుపు ఉంటే ముందు గరిటె లాంటి స్క్రేపర్‌తో గట్టి జిడ్డుని గీకి తీస్తారు, బకెట్లు బకెట్లు వస్తుంది. తర్వాత డిగ్రీజర్ కొట్టి, కాసేపు నాననిచ్చి, వేడి నీళ్ళ ప్రెషర్‌తో కడుగుతారు. చివరికి మిగిలే పొర 50 మైక్రాన్లకి మించకూడదు, అంటే కాగితంలో సగం మందం.

ఆ పైన బ్లోయర్. రెక్కల మీద జిడ్డు ఒక పక్కే ఎక్కువ చేరితే ఫ్యాన్ ఊగుతుంది, బేరింగ్ పోతుంది, మోటార్ వేడెక్కుతుంది. చాలామంది ఓనర్లు "గాలి లాగట్లేదు" అని కొత్త మోటార్ కొంటారు. రెక్కలు గీకి ఉంటే పాత మోటారే సరిపోయేది.

కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది కూడా అడగండి. డ్రమ్ములో పట్టిన జిడ్డుని వేరు చేయకుండా వీధి కాలువలో పోస్తే, రెండు రోజుల్లో కాలువ పూడిపోతుంది.

మోసం ఎట్లా పసిగట్టాలి

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే వాళ్ళు, అప్పుడే కిచెన్‌లో చేరినవాళ్ళు, సొంతంగా క్లౌడ్ కిచెన్ పెట్టాలనుకునేవాళ్ళు ఈ ముక్క సేవ్ చేసి పెట్టుకోండి.

హుడ్‌కి స్టీల్ పాలిష్ కొట్టి అద్దంలా మెరిపించి బిల్లు ఇచ్చేస్తారు. ఓనర్ చూసి సంతోషపడతాడు. హుడ్ మన కంటికి కనిపించే భాగం, నిప్పు నడిచేది కనిపించని భాగంలో. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఎన్ని తలుపులు తెరిచారు?" రెండోది ఫోటోలు. ఒకే చోట నిలబడి, పని ముందు ఒకటి, తర్వాత ఒకటి. మీ ఫోన్లో మీరే తీసుకోండి, వాళ్ళు పంపే ఫోటో వేరే హోటల్‌ది కూడా కావచ్చు. ఫోన్‌ని తలుపులోంచి లోపలికి పెట్టి, టార్చ్ వేసి, ఒక చిన్న వీడియో. ఇంతకంటే మంచి ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ లేదు. మూడోది, ఏ భాగం క్లీన్ చేయలేకపోయారో రాసివ్వమనండి. నిజాయితీగా పనిచేసే వాళ్ళు "ఈ మలుపు దగ్గర చెయ్యి అందలేదు, ఇక్కడ తలుపు పెట్టించండి" అని రాస్తారు. అంతా వంద శాతం అయిపోయింది అని రాసిన కాగితం చూస్తే నాకు అనుమానమే.

రేటు ఎంత అని అడిగితే ఒక అంకె చెప్పడం కుదరదు. డక్ట్ ఎన్ని అడుగులు, ఎన్ని మలుపులు, ఎన్ని అంతస్తులు, ఎన్నేళ్ళ జిడ్డు, దాన్ని బట్టి ఉంటుంది. డక్ట్ చూడకుండా ఫోన్‌లోనే రేటు చెప్పేవాడికి ఇవ్వకండి.

పని చేయించాల్సిన టైమ్ వచ్చిందని కిచెనే చెప్తుంది. పొగ హుడ్ కిందనుంచి పక్కకి పొంగి వస్తుంటే, నిన్నటి చేపల వాసన ఈరోజు పొద్దున కూడా ఉంటే, హుడ్ అంచుల నుంచి నూనె చుక్కలు పడుతుంటే, మేడ మీద ఫ్యాన్ చుట్టూ నేల నల్లగా జారుతుంటే, ఇక లేట్ చేయకూడదు. అయితే పొగ పోకపోవడానికి ఒక్కోసారి కారణం జిడ్డు కాదు. కిచెన్ తలుపులన్నీ మూసేస్తే బయటి నుంచి గాలి రాదు, గాలి రాకపోతే ఫ్యాన్ మాత్రం దేన్ని లాగుతుంది? తలుపు తీసేటప్పుడు లోపలికి లాగినట్టు అనిపిస్తే అదే సంగతి.

పైకెక్కే పిల్లోడు

ఇప్పుడు ఆ తాళం విషయం. క్లీనింగ్ కంపెనీని పిలిస్తే డబ్బు అవుతుందని, చాలా చోట్ల కిచెన్ హెల్పర్‌నే పైకి ఎక్కిస్తారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లోడు. ఈ వీడియో చూసేవాళ్ళలో కూడా ఆ పని చేసిన తమ్ముళ్ళు ఉంటారు. మీకోసమే చెప్తున్నాను, వినండి.

ఫ్యాన్‌లో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపితే చాలదు. కింద ఎవరో "పొగ వస్తోంది, ఫ్యాన్ వెయ్" అంటాడు, ఇంకొకడు వేసేస్తాడు. పైన నువ్వున్నావని వాళ్ళకి తెలీదు. అందుకే తాళం, ఆ తాళం చెవి నీ జేబులోనే ఉండాలి. తాళం లేకపోతే ఫ్యూజ్ పీకి దగ్గర పెట్టుకో.

కాస్టిక్ కలిపేటప్పుడు నీళ్ళలో కాస్టిక్ కొద్దికొద్దిగా వెయ్యాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే ఒక్కసారి మరిగి మొహం మీదకి చిమ్ముతుంది. రబ్బర్ గ్లౌజులు, కళ్ళకి మూసుకునే గాగుల్స్, కాళ్ళకి బూట్లు. తల పైకెత్తి పనిచేసే పని ఇది, చుక్క పడితే కంట్లోనే పడుతుంది. పడిందంటే రుద్దొద్దు, కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళతో కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత నేరుగా కంటి ఆసుపత్రికి. బ్లీచింగ్, యాసిడ్ లాంటివి దాంట్లో కలపకూడదు. డక్ట్ లోపలికి దూరి పడుకుని గీకమని చెప్తే చెయ్యనని చెప్పు. రేకు నీ బరువు మోయడానికి కట్టింది కాదు, లోపల గాలీ ఆడదు. మేడ అంచున పని అయితే నడుముకి బెల్టు. ఓనర్ అన్నా, మీరు వింటుంటే, ఈ సామాన్లకి అయ్యే డబ్బు ఒక రోజు గల్లా పెట్టెలో చిన్న భాగం.

మంట వచ్చేస్తే

గ్యాస్ వాల్వ్ ముందు కట్టెయ్యాలి. నూనె మంట మీద నీళ్ళు పోయకూడదు. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల ఆవిరి అవుతుంది, అది మరిగే నూనెని మంటతో సహా గాల్లోకి విసురుతుంది. బాండ్లి వరకైతే మూత, లేదా వంట నూనె మంటల కోసమే ఉండే వెట్ కెమికల్ ఎక్స్‌టింగ్విషర్. దాన్ని కె క్లాస్ అంటారు. హోటల్‌లో ఎర్ర డబ్బా ఉంది కదా అనుకోకండి, దాని మీద ఏ క్లాస్ అని రాసుందో ఇవాళే చదవండి. మంట ఫిల్టర్ దాటి డక్ట్‌లోకి పోయిందని అనుమానం వస్తే చిన్న డబ్బాతో పోరాడొద్దు. 101కి గానీ 112కి గానీ కొట్టి, పైన లాడ్జి ఉంటే ముందు అక్కడి తలుపులు తట్టండి. కింద ఆరిపోయినట్టు కనిపించినా సరే, ఫైర్ వాళ్ళు వచ్చి డక్ట్ మొత్తం చూసేదాకా పైన ఎవరినీ మళ్ళీ పడుకోనివ్వద్దు.

ఇంటి చిమ్నీ గురించి కూడా చాలామంది అడిగారు, క్లుప్తంగా చెప్పేస్తా. ఆటో క్లీన్ అని ఉంటే దానంతట అదే అంతా చేసుకుంటుందని కాదు. అది వేడి చేసి నూనెని ఒక చిన్న కప్పులోకి దింపుతుంది, ఆ కప్పు మనమే తీసి పారబోయాలి. మీ ఇంట్లో ఆ కప్పు ఎక్కడుందో అమ్మని అడగండి. ఆమెకీ తెలీదంటే, చిమ్నీ కొన్న రోజు నుంచి అది అట్లాగే ఉన్నట్టు.

హోటల్ కాలువల్లో పెట్టే గ్రీజ్ ట్రాప్ గురించి ఈరోజు ముట్టుకోలేదు, అదొక పెద్ద కథ. వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఉంటాను.